మంచుగచ్చు మీద నలుగురు మౌల్వీలు

మా ఇంట్లో పిల్లలు ఒక ఫొటోను తరచుగా తీసి చూసుకొని నవ్వుకుంటుంటారు. అందులో తెల్లని మంచు మీద నలుగురు గడ్డపు మనుషులు ఉన్నారు. ఒకరు కంచెను రెండు చేతులా వాటేసుకున్నారు. ఇద్దరు ఒకరి మఫ్లరు ఒకరు పట్టుకొని, ఎవరు ఎవరిని ఆపుతున్నారో తెలియని స్థితిలో నిలబడి ఉన్నారు. నాలుగో వ్యక్తి మాత్రం అప్పుడే పాకడం నేర్చిన పసిబిడ్డలా చేతుల మీద, మోకాళ్ళ మీద ఉన్నాడు. ఆ నాలుగో వ్యక్తి మేమే. ముప్పై ఏళ్ళుగా మదరసాలో ‘హమ్’ అని మాట్లాడిన అలవాటు వల్ల తెలుగు రాసేటప్పుడు కూడా ‘నేను’ అనే మాట మా కలానికి ఎక్కదు. పాఠకులు దీనిని గొప్పలు పోవడంగా భావించరని ఆశిస్తున్నాము. చేతుల మీద, మోకాళ్ళ మీద ఉన్న మనిషికి గొప్పలేమిటి!

ఆ ఫొటో తీసినవాడు పన్నెండేళ్ళ బాలుడు. అతని గురించీ, అతని వల్ల జ్ఞాపకం వచ్చిన మరొక బాలుడి గురించీ రాయాలని ఏడాదిగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాము.

మేం నలుగురం ఉమరాబాద్‌లో సహాధ్యాయులం. ఒకరు కడపలో బోధిస్తున్నారు. ఒకరు నెల్లూరులో ఇమామ్. ఒకరు గుంటూరులో ధార్మిక గ్రంథాల దుకాణం నడుపుతున్నారు. మేము ఆదోనిలో హిఫ్జ్ తరగతి చూస్తాము, చిన్న తరగతులకు ఫిఖ్‌హ్ కూడా చెబుతాము. మా తరగతిలోనే చదివిన ఐదో మిత్రుడు సహారన్‌పూర్‌లో స్థిరపడ్డాడు. క్రిందటేడు జనవరిలో ఆయన కుమారుని వలీమాకు మా నలుగురినీ పట్టుబట్టి పిలిపించుకున్నాడు. విందు ముగిసింది. తిరుగు రైలుకు ఇంకా నాలుగు రోజుల వ్యవధి ఉంది. “ఇంత దూరం వచ్చి కొండలు చూడకుండా వెళతారా?” అని ఆతిథేయుడు అన్న మాటను గుంటూరు మిత్రుడు పట్టుకున్నాడు. ఆయన ఏదైనా పట్టుకుంటే వదలడు. ఉమరాబాద్ రోజుల్లో వార్షిక పరీక్షల ముందు కూడా మమ్మల్ని జామతోటలకు తిప్పినవాడు ఆయనే.

కాల్కా నుండి సిమ్లాకు వెళ్ళే చిన్న రైలు 1903లో మొదలైంది. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు మాత్రమే. సుమారు 96 కిలోమీటర్ల దారిలో వందకు పైగా సొరంగాలు ఉన్నాయి. నెల్లూరు ఇమామ్ సాహెబ్ తన 33 పూసల తస్బీహ్ తీసి ఒక్కొక్క సొరంగానికి ఒక్కొక్క పూస జరుపుతూ కూర్చున్నారు. సరిగ్గా పూసలు ఒక చుట్టు పూర్తయిన చోట బరోగ్ సొరంగం వచ్చింది. ఆ దారిలో అన్నిటికంటే పొడవైనది అదే, 1,143 మీటర్లు. దాని అంకె కూడా 33. ఆయన ముఖం వెలిగిపోయింది. అది దాటగానే స్టేషన్లో రైలు ఆగింది, అందరం చాయ్‌కు దిగాము, ఆ తర్వాత లెక్క తప్పింది. సిమ్లా చేరేవరకు ఆయన ఆ సంగతే తలచుకొని బాధపడ్డారు.

సిమ్లా సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తులో ఉంది. మా ఆదోనిలో చలి అంటే జనవరి తెల్లవారుజామున ఫ్యాను ఆపి దుప్పటి కప్పుకోవడం. అక్కడ బస చేసిన గదిలో కుళాయి తిప్పితే నీళ్ళు చేతిని కొరికినట్లు తగిలాయి. వలీమా ఇచ్చిన మిత్రుడు ముందుచూపుతో మా నలుగురికీ తోలు మేజోళ్ళు కానుకగా ఇచ్చి పంపాడు. తోలు మేజోళ్ళ మీద తడిచేత్తో మస్‌హ్ చేసే అధ్యాయాన్ని మేము ప్రతి సంవత్సరం బోధిస్తాము. స్వస్థలంలో ఉన్నవానికి ఒక పగలు, ఒక రాత్రి. ప్రయాణికునికి మూడు పగళ్ళు, మూడు రాత్రులు గడువు. ఈ వాక్యాన్ని ఎన్ని వందల సార్లు చెప్పి ఉంటామో! మా పాదాలకు మాత్రం అది ఆ రోజు వరకు తెలియదు. వుజూ చేసి, తోలు మీద తడి వేళ్ళు ఒక్కసారి లాగి లేచినప్పుడు, ఇన్నాళ్ళూ ఈ పాఠం సగమే చెప్పామనిపించింది. ఎందుకు ఈ సౌలభ్యం ఇవ్వబడిందో విద్యార్థులకు ఇకమీదట మరింత బాగా చెప్పగలము.

జామా మసీదులో మగ్రిబ్ నమాజుకు నిలబడినవారిలో చాలామంది కశ్మీరీ కూలీలు. సిమ్లాలో వారిని ‘ఖాన్’ అని పిలుస్తారు. బండ్లు ఎక్కలేని మెట్ల దారుల్లో గ్యాస్ సిలిండర్లు, బీరువాలు, సిమెంటు బస్తాలు వీపుకు తాడు కట్టుకొని మోసేది వారే. నమాజు తర్వాత వారు మమ్మల్ని కూర్చోబెట్టి ఉప్పు వేసిన గులాబిరంగు చాయ్ ఇచ్చారు. కడప మిత్రుడు మొహమాటంతో రెండు కప్పులు తాగి, ఆ రాత్రంతా మమ్మల్ని నిందించాడు. వారిలో ఒక పెద్దాయన ఆకాశం వంక చూసి, “ఈ రాత్రి మబ్బు లేదు. కింద మైదానంలో మంచు గట్టిగా కడుతుంది. రేపు ఉదయం పిల్లలు ఆడతారు, వెళ్ళి చూడండి” అన్నారు. ఆ మైదానం గురించి మేము మొదట విన్నది ఆ విధంగా.

లక్కర్ బజారు దిగువన, కొండ ఒడిలో ఒక చదును స్థలం ఉంది. 1920 ప్రాంతంలో బ్లెస్సింగ్టన్ అనే దొర అక్కడి టెన్నిస్ ఆటస్థలంలో నీళ్ళు గడ్డకట్టడం గమనించి, దానిని మంచు మీద జారే ఆటకు మార్చాడని చెబుతారు. పెద్ద నగరాల్లో ఇటువంటి రింకులకు నేల కింద గొట్టాలు పరచి, వాటిలో చల్లని ద్రవాన్ని యంత్రంతో తిప్పి మంచు కట్టిస్తారు. ఇక్కడ వందేళ్ళుగా ఆ పని చేసింది రాత్రి మాత్రమే.

ఇషా తర్వాత నడుచుకుంటూ వెళ్ళి చూశాము. ఇద్దరు మనుషులు గొట్టాలతో నేల మీద నీళ్ళు చల్లుతున్నారు. వరదలా పోయడం లేదు; పలుచగా, వాకిట్లో కళ్ళాపి చల్లినట్లు చల్లి, ఆగి, అది గట్టిపడిన తర్వాత మళ్ళీ చల్లుతున్నారు. ఎందుకలా అని అడిగితే వారిలో ఒకరు ఓపికగా వివరించారు. ఒక్కసారిగా పోస్తే పైపొర గడ్డకట్టి కింద నీళ్ళు నీళ్ళుగానే ఉండిపోతాయట. దాని మీద మనిషి నిలబడితే పెళుసుగా విరుగుతుంది. పొర మీద పొర వేస్తూ పోతేనే రాయిలా నిలుస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే నేలలోని వేడి పైకి పోతుంది. మబ్బు పడితే దుప్పటి కప్పినట్లే, ఆ వేడి పోదు, రాత్రంతా పడిన శ్రమ వృథా. పగలు ఎండ తగలకుండా కొండ నీడ కాపాడుతుంది. “మా నాన్నల కాలంలో చలికాలం పొడవునా ఆడేవారు. ఇప్పుడు ఆడే రోజులు తగ్గిపోతున్నాయి మౌలానా జీ. చలి మునుపటిలా లేదు” అన్నాడాయన.

మాకు ఆ పొర మీద పొర సంగతి చాలా నచ్చింది. హిఫ్జ్ తరగతిలో సబఖ్ ఇచ్చే పద్ధతీ అదే. కొత్తగా చేరినవానికి రోజుకు మూడు వరుసలో ఐదు వరుసలో. అవి నిలిచిన తర్వాతనే పై వరుసలు. ఈ నియమం మాకు తెలుసు. తెలిసి కూడా ఒకప్పుడు తప్పాము. ఆ సంగతి తర్వాత చెబుతాము.

గదికి తిరిగి వస్తుండగా గుంటూరు మిత్రుడు “రేపు మనమూ ఆడుదాం” అన్నాడు. కడప మిత్రుడు నడిరోడ్డు మీద నిలబడిపోయాడు.

“గడ్డాలు నెరిసిన తర్వాత పిల్లల మధ్య పడి దొర్లడమా? ఆలిమ్‌కు వఖార్ అనేది ఒకటి ఉంటుంది. ఎవడో వీడియో తీసి ఊరంతా తిప్పితే రేపు జుమా నాడు మిమ్బర్ మీద నిలబడి ఏం చెబుతారు?”

“దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు, కొంతకాలానికి ఆయన గెలిచారు. మీరూ పాఠం చెప్పే హదీసే కదా” అన్నాడు గుంటూరు మిత్రుడు.

“ఆ పందెంలో ఎవరూ పడిపోలేదు మౌలానా!” అన్నారు నెల్లూరు ఇమామ్ సాహెబ్. ఆయనకు మోకాళ్ళ నొప్పులు.

అందరం నవ్వాము. చివరకు, సాయంత్రం జనం ఎక్కువ, పాటల హోరు ఉంటుంది గనుక ఉదయం వెళ్దామని, కడప మిత్రుడు గట్టున నిలబడి సామాను చూసుకుంటాడని తీర్మానించాము. అక్కడి పాఠశాలలకు చలికాలంలోనే పెద్ద సెలవులు. అందువల్ల ఉదయం పిల్లలే ఎక్కువగా ఉంటారు.

ఫజ్ర్ తర్వాత రొట్టెలు తిని వెళ్ళేసరికి ఆ చదును అద్దంలా ఉంది. అద్దె బూట్లు తొడిగించే మనిషి మా తోలు మేజోళ్ళు చూసి ముచ్చటపడి, వాటి మీదుగానే బూట్లు ఎక్కించి, తాళ్ళు చీలమండ విరుగుతుందేమో అన్నంత గట్టిగా బిగించాడు. బూటు అడుగున ఉక్కు పట్టీ. అది కత్తిలా ఒకే అంచుతో ఉంటుందనుకున్నాము. తిరగేసి చూస్తే మధ్యలో సన్నని గాడి, ఇరుపక్కలా రెండు అంచులు. మనిషి బరువంతా ఆ అంచుల మీదనే నిలవాలి. గడ్డకట్టిన మంచుకు కూడా పైన కంటికి కనపడని పలుచని పొర ఒకటి నీటిలా కదులుతూ ఉంటుందనీ, ఆ జారుడంతా దాని వల్లనేననీ ఎక్కడో చదివాము. చదవడం వేరు. మొదటి అడుగు వేయగానే రెండు పాదాలు రెండు దిక్కులకు బయలుదేరాయి, మేము ఆకాశాన్ని చూస్తూ పడ్డాము.

పిల్లలు నవ్వారు. నవ్వవలసిన దృశ్యమే. కుర్తా, సల్వార్, దాని మీద రెండు స్వెట్టర్లు, టోపీ ఒక చోట, మనిషి ఒక చోట. ఒక చిన్న పాప జారుకుంటూ వచ్చి టోపీ చేతికిచ్చి, గాలిలా వెళ్ళిపోయింది. లేవబోయి మళ్ళీ పడ్డాము. మూడోసారి పడినప్పుడు ఎర్ర స్వెట్టరు వేసుకున్న ఒక బాలుడు వచ్చి మా ఎదుట ఆగాడు. ఆగినప్పుడు అతని బూట్ల కింద నుండి మంచు పొడి లేచింది.

“అంకుల్ జీ, మీరు నిలబడడం నేర్చుకుంటున్నారు. ముందు పడడం నేర్చుకోండి” అన్నాడు.

వేళాకోళం అనుకున్నాము. కాదు. అతడు నిజంగానే పాఠం మొదలుపెట్టాడు. పడబోతున్నారని తెలియగానే మోకాళ్ళు వంచి కిందికి కూర్చోండి, వెనక్కి కాకుండా పక్కకు ఒరగండి, వేళ్ళు పిడికిలి ముడవండి, లేకుంటే వెనుక వచ్చేవారి ఉక్కు పట్టీ వేళ్ళ మీదుగా పోతుంది అన్నాడు. తాను మూడుసార్లు పడి చూపించాడు. మమ్మల్ని కావాలని నాలుగుసార్లు పడమన్నాడు. పడ్డాము. తర్వాత లేవడం. ముందు చేతుల మీద, మోకాళ్ళ మీదకు రావాలి. ఒక పాదాన్ని రెండు చేతుల మధ్యకు తెచ్చి, తర్వాత రెండోది. ఫొటోలో ఉన్నది అలా లేస్తున్న భంగిమే.

పడడం తెలిసిన తర్వాత భయం సగం తగ్గుతుందని యాభై నాలుగేళ్ళ వయస్సులో తెలుసుకున్నాము.

తర్వాత అతడు మా రెండు చేతులు పట్టుకొని, తాను వెనక్కి జారుతూ మమ్మల్ని ముందుకు నడిపించాడు. మడమలు దగ్గరగా, కాలివేళ్ళు దూరంగా పెట్టాలి; ఒక కాలితో పక్కకు తోయాలి; బరువు రెండో కాలి మీదకు మార్చాలి. “కిందికి చూడకండి, నన్ను చూడండి. కాళ్ళకు మీ చూపు అవసరం లేదు.” మా పక్కన గుంటూరు మిత్రుడు, నెల్లూరు ఇమామ్ సాహెబ్ ఒకరినొకరు పట్టుకొని, ఎటూ కదలక, బిగ్గరగా దువాలు చదువుతున్నారు. బాలుడు వారిని చూసి కూడా నవ్వలేదు. మేము పడిన ప్రతిసారి “మళ్ళీ” అన్నాడు. ఆ ‘మళ్ళీ’లో విసుగు లేదు. కొంతసేపటికి మాత్రం, “నా వేళ్ళు నొప్పిగా ఉన్నాయి అంకుల్ జీ. భయం వేస్తే మీరు చేతులు బిగిస్తారు. చేతులు బిగిస్తే మోకాళ్ళు బిగుస్తాయి. అప్పుడే పడిపోతారు” అన్నాడు. పట్టు సడలించాము. పది అడుగులు పడకుండా వెళ్ళాము. ఉల్లాసంతో గట్టు వైపు చూశాము.

గట్టున ఉన్న కడప మిత్రుడు కూడా మా ఉత్సాహంలో పాలుపంచుకోవాలనుకున్నాడు కాబోలు, తరగతి గది గొంతుతో ఒక్క కేక వేశాడు. “నిటారుగా! నిటారుగా నిలబడండి! ఎన్నిసార్లు చెప్పాలి?”

ఆయన సరదాకే అన్నాడు. కాని ఆ కేక చెవిన పడగానే మోకాళ్ళు కర్రల్లా బిగుసుకున్నాయి. అంతవరకు వచ్చిన నడక ఏమైందో తెలియదు. పక్కకు ఒరగడం, పిడికిలి ముడవడం, అన్నీ మరచి, ఉన్నవాళ్ళం ఉన్నట్లుగా వెల్లకిలా పడ్డాము. వీపు కింద మంచు, పైన దేవదారు కొమ్మలు. ఆ ‘ఎన్నిసార్లు చెప్పాలి’ అనే వాక్యం మాది. అక్షరం తేడా లేకుండా మాదే. దానిని మేము ఎవరితో అన్నామో ఆ పిల్లవాని ముఖం అక్కడ, పడుకున్నచోటనే, మా ఎదుట నిలిచింది.

పద్నాలుగేళ్ళ క్రితం మాట. ఆదోని దగ్గరి పల్లె నుండి పదేళ్ళ పిల్లవాడు మా తరగతిలో చేరాడు. తండ్రి పత్తి మార్కెట్టులో హమాలీ. కొడుకును అప్పగిస్తూ, మన ఇళ్ళలో తరతరాలుగా అనే మాటే ఆయనా అన్నాడు: “మాంసం మీది, ఎముకలు మావి హజ్రత్.” పిల్లవానిది మంచి గొంతు. మొదటి ఏడాది వరుసలు వరుసలుగా బాగానే సాగింది. తర్వాత మాకు తొందర పుట్టింది. వార్షిక సమావేశంలో అతనిని నిలబెట్టి చదివించాలనీ, మదరసాకు పేరు వస్తుందనీ మా ఆశ. ఐదు వరుసలు పది అయ్యాయి, పది వరుసలు పేజీ అయ్యాయి. పిల్లవాడు తడబడసాగాడు. రాత్రి పడకల దగ్గర తోటివారికి గడగడా వినిపించేవాడని పిల్లలు చెప్పేవారు. ఉదయం మా ఎదుట కూర్చోగానే నోరు పెగిలేది కాదు. రాత్రి వచ్చినది పొద్దునకు ఎక్కడికి పోతుంది? ఇది మొండితనం తప్ప మరేమీ కాదని మేము తీర్పు చెప్పుకున్నాము. “ఎన్నిసార్లు చెప్పాలి? చేయి చాపు” అన్నాము. ప్రతి ఉదయం అన్నాము.

ఒకనాడు ఒకే ఆయతు దగ్గర మూడుసార్లు ఆగిపోయాడు. మూడుసార్లూ బెత్తం లేచింది. నాలుగోసారి లేపేసరికి అతని పైజామా తడిసిపోయింది. తరగతిలో పిల్లలు నవ్వారు. మేము వారిని కసరలేదు. “వెళ్ళి కడుక్కొని వచ్చి కూర్చో” అన్నాము. వచ్చి కూర్చున్నాడు. మరునాడు ఫజ్ర్‌కు అతని పడక ఖాళీగా ఉంది. రెండు రోజుల తర్వాత తండ్రి వచ్చి ట్రంకు పెట్టె తీసుకెళ్ళాడు. వెళ్ళేముందు చేతులు కట్టుకొని, “వాడి రాత ఇంతే హజ్రత్. మిమ్మల్ని శ్రమ పెట్టాడు, మనసులో పెట్టుకోకండి” అని మమ్మల్నే క్షమాపణ అడిగాడు. మేము క్షమించాము. అప్పుడు అలాగే అనుకున్నాము.

హజ్రత్ అనస్ (రజి) బాల్యం నుండి పదేళ్ళు దైవప్రవక్త (స) సేవలో ఉన్నారనీ, ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా విసుగు మాట వినలేదనీ ప్రతి ఏటా మా విద్యార్థులకు చెబుతాము. ఆ పిల్లవాడు ఉన్న రోజుల్లో కూడా చెప్పాము. అతడూ విన్నాడు.

“అంకుల్ జీ, దెబ్బ తగిలిందా?” ఎర్ర స్వెట్టరు బాలుడు వంగి చూస్తున్నాడు. లేదన్నాము. “మళ్ళీ” అన్నాడు.

మళ్ళీ లేచాము. ఆ తర్వాత అరగంటలో ఒక చేయి మాత్రమే పట్టుకొని మైదానం ఈ చివర నుండి ఆ చివరకు వెళ్ళాము. చివరికి అతడు చెప్పకుండా చేయి వదిలేశాడు. ఆరో ఏడో అడుగులు ఒంటరిగా వెళ్ళాము. కడప మిత్రుడు ఇక ఆగలేక తానూ బూట్లు తొడిగించుకొని దిగాడు. దిగినవాడు కంచెను వాటేసుకొని, మేము బయటికి వచ్చేవరకు దానిని వదలలేదు. వఖార్ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

బయట బెంచీ మీద కూర్చొని బాలుడికి కొంత సొమ్ము ఇవ్వబోతే పుచ్చుకోలేదు. మొక్కజొన్న కంకి మాత్రం తీసుకున్నాడు.

“మీరు ఏం పని చేస్తారు?”

“టీచర్లం. పిల్లలకు ఖురాన్ కంఠస్థం చేయిస్తాము.”

“మొత్తం పుస్తకమా? ఎన్ని పేజీలు?”

“ఆరు వందల పైచిలుకు.”

అతడు ఈల వేసి, కంకి తినడం ఆపి, “మధ్యలో మరచిపోతే?” అన్నాడు.

“మళ్ళీ చదివిస్తాము” అన్నాము. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. మిత్రులు ముగ్గురూ ఏమీ మాట్లాడలేదు. వారివీ తరగతి గదులే. ఆ రాత్రి ఇషా తర్వాత ఆ పిల్లవాని సంగతి వారికి చెప్పాము. గుంటూరు మిత్రుడు చాలాసేపటికి, “నా దగ్గర కూడా ఒకడున్నాడు” అన్నాడు. దుకాణం పెట్టకముందు ఆయనా ఆరేళ్ళు బోధించాడు. కడప మిత్రుడు లేచి కిటికీ మూసి వచ్చి పడుకున్నాడు.

ఆదోనికి వచ్చిన తర్వాత ఆ పిల్లవాని ఆచూకీ తెలుసుకోవడం కష్టం కాలేదు. కష్టమైనది వెళ్ళడం. రెండు శుక్రవారాలు బయలుదేరి వీధి మలుపు నుండి వెనక్కి వచ్చాము. మూడో వారం వెళ్ళాము. అతడు మోటారు సైకిళ్ళు బాగుచేసే చిన్న దుకాణం నడుపుతున్నాడు. ఇరవై నాలుగేళ్ళ యువకుడు, చేతుల నిండా నల్లని నూనె. మమ్మల్ని చూడగానే లేచి నిలబడి సలాం చేశాడు. సలాం చేస్తూనే రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. తాను పెట్టుకున్నట్లు అతనికి తెలియదు. మాకు తెలిసింది.

వచ్చిన పని చెప్పాము. మాటలు సరిగా రాలేదు. ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించాము. అతడు తల వంచుకొని విని, “అప్పటి సంగతి ఇప్పుడెందుకు హజ్రత్, నేను మరచిపోయాను” అన్నాడు. తర్వాత పక్కనున్న కుర్రవాణ్ణి చాయ్ తెమ్మని పంపాడు. చాయ్ తాగుతుండగా దుకాణం లోపలి నుండి ఐదేళ్ళ పసివాడు వచ్చి అతని ఒడిలో కూర్చున్నాడు. కొడుకట. పేరు అడిగాము, చెప్పాడు. ఏదైనా సూరా వచ్చా అని అడిగితే తండ్రి ముఖం చూసి, ఆయన తల ఊపిన తర్వాత సూరా ఇఖ్లాస్ చదివాడు. అదే గొంతు.

“మా దగ్గరకు పంపు నాయనా” అనే మాట నోటి చివరి వరకు వచ్చింది. అనలేదు. అడిగే హక్కు మాకు లేదనుకున్నాము. అతడే, కప్పు కింద పెడుతూ, “ఇప్పుడు తరగతిలో బెత్తం ఉందా హజ్రత్?” అని అడిగాడు.

“మా తరగతిలో లేదు. సిమ్లా నుండి వచ్చిన మరునాడే తీసేశాము. తక్కిన తరగతుల్లో ఇంకా ఉంది. కమిటీలో మాట్లాడుతున్నాము. ఇద్దరు ఒప్పుకోవడం లేదు” అని ఉన్నది ఉన్నట్లుగా చెప్పాము.

“చూద్దాం హజ్రత్” అన్నాడు.

ఇప్పుడు పిల్లలు సబఖ్ వినిపించేటప్పుడు మేము ఎదుట కూర్చోము, పక్కన కూర్చుంటున్నాము. ఆగిపోయినవాడికి తరువాతి మాట మొదటి అక్షరం అందించి ఊరుకుంటాము. ఇలా చేస్తే క్రమశిక్షణ పోతుందని ఒక సహోపాధ్యాయుడు అంటున్నాడు. కొందరు పిల్లలు అల్లరి పెంచారన్న మాట నిజమే. ఒకరిద్దరు సోమరులయ్యారు. వారి విషయం ఎలాగో ఇంకా తేల్చుకోవలసి ఉంది. నోరు పెగలని పిల్లలు మాత్రం ఇప్పుడు తరగతిలో ఎవరూ లేరు.

షవ్వాల్ నెలలో కొత్త ప్రవేశాలు జరిగాయి. మెకానిక్ దుకాణం నుండి ఎవరూ రాలేదు. శుక్రవారాల్లో అప్పుడప్పుడు అటువైపు వెళ్ళి, పని లేకపోయినా, మా పాత స్కూటరు చూపించి వస్తుంటాము. చాయ్ వస్తుంది. పసివాడు ఇప్పుడు సూరా ఫలఖ్ కూడా చదువుతున్నాడు, ఎవరి ముఖమూ చూడకుండానే. వచ్చే షవ్వాల్‌కు వాడికి ఏడో ఏడు వస్తుంది.